కొమురవ్వ నేర్చుకున్న జవాబు

కొమురవ్వ నోటికి సూరత్ నవాగామ్‌లో జడవని మనిషి లేడు. కుళాయి దగ్గర ఎవరైనా తన బిందెను ఇంత ముందుకు జరిపారా, వాళ్ళ ఏడు తరాలనూ లేపి కూర్చోబెట్టి కడిగేసేది. నేను మునిసిపాలిటీ వాళ్ళ తెలుగు బడిలో టీచర్ని. ఆమె ఖోలీని, అంటే ఒంటిగదిని, ఆనుకునే నా ఖోలీ. నన్నూ వదిలేది కాదు. "ఊరి పిల్లలకు అక్షరాలు నేర్పుతవ్ గని, నీ ఇంట్ల పప్పు మాడుతున్నది సూస్కో టీచరమ్మా!" అని గోడ అవతలి నుంచే అరిచేది. అంతటి నోరు చివరికి ఒకే ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారో, ఎలా నేర్పారో చెప్పకపోతే నాకు తిన్న అన్నం ఒంటబట్టదు.

ఆమెది సిరిసిల్ల పక్క పల్లె. చేతి మగ్గం కూడు పెట్టడం మానేశాక మొగుడు మొండయ్య వెంట సూరత్ వచ్చింది. ఇక్కడ కరెంటు మగ్గాలను సాంచలంటారు. మొండయ్య సాంచల మీద నేసి నేసి, దగ్గి దగ్గి పోయాడు. పెద్దకొడుకు రాజమల్లు ఆ సాంచ దగ్గరే షాకు కొట్టి పోయాడు. కోడలు ఏడాది తిరక్కుండా పుట్టింటికి పోయి మారుమనువు చేసుకుంది. పడుచుపిల్ల, ఆమెను నేనేమీ అనను. కానీ పాలు మరవని పసిదాన్ని ముసలిదాని ఒళ్ళో పడేసి పోయింది. ఆ పసిదే అనురాధ.

రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి చీరల మూటలు ఇళ్ళకు వస్తాయి. చీర వెనక వేలాడే దారాలను కత్తిరించి తిరిగి ఇవ్వాలి. కొమురవ్వ ఆ దారాలు కత్తిరిస్తూనే పిల్లను పెంచింది. కత్తెర పట్టీ పట్టీ ఆమె బొటనవేలు వంకర తిరిగింది. తండ్రి తల్లిని మా వైపు బాపమ్మ అంటారు. అనురాధకు అమ్మ, నాన్న, దేవుడు, దయ్యం అన్నీ ఆ బాపమ్మే.

కొమురవ్వ కూతురు వెంకటవ్వ సిరిసిల్ల దగ్గరి ఊళ్ళోనే ఉండేది. ఆమె కొడుకు పరమేశ్వర్. అంటే అనురాధకు మేనత్త కొడుకు, బావ. పిల్ల తొట్టెలో ఉండగానే కొమురవ్వ పదిమందిలో "ఇది మా పరమేశుది" అనేసింది. మాలో ఇది వింత కాదు. మేనరికం ఉండగా బయటి సంబంధం చూస్తేనే అలకలూ, మాటలు పడటాలూ. పరమేశ్వర్ మీసం రాకముందే సూరత్ వచ్చి అమ్మమ్మ ఖోలీలోనే తిని, ఆ మూటల మధ్యే పడుకుని సాంచల మెకానిక్ పని నేర్చాడు. చురుకైనవాడు. అతని సేఠ్ బావమరిదికి ఇంగ్లండులో అల్లిక మిల్లు ఉంటే అక్కడికి తీసుకుపోయారు. కొన్నేళ్ళకు అక్కడ ఉండిపోయే హక్కు దొరికింది. తొంభై ఐదు వేసవిలో వచ్చి, మార్కండేయ గుడి ముందు పందిరిలో అనురాధ మెడలో పుస్తె కట్టాడు. నెలరోజులుండి, కాగితాలు పంపిస్తానని చెప్పి విమానమెక్కాడు.

ఇక అనురాధకు కావలసింది ఒక్కటే, మొగుడి దగ్గరకు పోవాలి. మేడలు అడగలేదు, నగలు అడగలేదు. దానికి బొంబాయిలో ఆ దేశం వాళ్ళ ఆఫీసుకు పోయి, ఇంటర్వ్యూలో ఇది నిజమైన పెళ్ళేనని వాళ్ళను నమ్మించాలి.

దారి చూపిస్తానని దొరికాడు జశుభాయ్ అనే ఏజెంటు. రింగ్ రోడ్‌లో ఒక మార్కెట్ మూడో అంతస్తులో ఆఫీసు, గోడ నిండా దేవుళ్ళు, బల్ల మీద విమానం బొమ్మ. పల్సానాలో ఉండే కొమురవ్వ చిన్నకొడుకు, అంటే చిన్నాయన నర్సింగం, బాపమ్మ వెంటరాగా అనురాధ పెళ్ళి ఫోటోలు పట్టుకుని వెళ్ళింది. అతను ఒక్కో ఫోటో చూస్తూ "అబ్బాయి ఎవరు, ముందే ఎరుకా?" అని హిందీలో అడిగాడు. సూరత్‌లో పుట్టిన పిల్ల కదా, గుజరాతీలోనే గలగలా చెప్పేసింది, మా మేనత్త కొడుకని.

జశుభాయ్ చేతిలోని ఫోటో బల్ల మీద పడింది.

"ఫోయినో దీక్రో? అరె రామ్ రామ్! ఎ తో భాయ్ కహెవాయ్!"

మేనత్త కొడుకంటే అన్న అవుతాడు కదా అని అతని గోల. వాళ్ళలో అంతే, అత్త పిల్లలూ మామ పిల్లలూ తోడబుట్టిన లెక్క. అన్నను పెళ్ళాడిన ఆడపిల్లను చూసినట్టు చూశాడట అనురాధ వంక. పిల్ల ముఖం మాడిపోయింది. ఇన్నేళ్ళుగా సిగ్గుపడుతూ మురిసిపోయిన మాట ఒక్క క్షణంలో పాపమైపోయింది. నర్సింగం తల వంచుకున్నాడు. కొమురవ్వ మాత్రం "మీ ముఖాలు మండ! మేనబావను గాక ఎవన్ని చేసుకుంటరురా?" అని తెలుగులో తగులుకుంది. అతనికి అర్థం కాలేదు, కాకపోవడమే మంచిదయింది.

ఆ దేశం చట్టం ఏమిటో జశుభాయ్‌కి తెలుసా? తెలియదు. తన కులంలో తప్పు కాబట్టి లోకమంతా తప్పేనని నమ్మాడు. తెల్లవాళ్ళకు తెలిస్తే వీసా మాట దేవుడెరుగు, అబ్బాయిని జైల్లో వేస్తారన్నాడు. మావాళ్ళు కూడా అవునేమో అనుకున్నారు. మన పద్ధతి పరాయి ఊళ్ళో ఎవడైనా ఛీ అంటే చాలు, తప్పు మనదే అనుకోవడం మా వాళ్ళకు వచ్చిన రోగం. చుట్టరికం ఏమీ లేదు, పెళ్ళిళ్ళ పేరయ్య కుదిర్చిన సంబంధం అని చెప్పాలని తీర్మానం జరిగింది. చుట్టరికం మాట రాయవద్దని పరమేశ్వర్‌కూ కబురు పోయింది.

అన్నీ కుదిరాయి గానీ కొమురవ్వ కుదరలేదు. ప్రతి ఫోటోలోనూ నడిమధ్యన ఉంది, ఒక చెయ్యి పిల్ల నెత్తి మీద, ఒక చెయ్యి పిల్లవాడి నెత్తి మీద. ఈ ముసలమ్మ ఎవరి తరఫు అని అడిగాడు జశుభాయ్. ఇద్దరి తరఫూ అంది అనురాధ. అలా కుదరదు, ఒక్కవైపే ఉండాలి అన్నాడు. అక్కడికక్కడే కొమురవ్వను మాటల్లోనే కత్తిరించి పిల్లవాడి వైపు అతికించేశాడు. ఆమె పరమేశ్వర్‌కు అమ్మమ్మ. అనురాధకు ఏమీ కాదు. అనురాధ బాపమ్మ ఎప్పుడో చచ్చిపోయింది, పిల్లను చిన్నాయన పెంచాడు.

ఇక తాలీము, అంటే ఇంటర్వ్యూకు తర్ఫీదు. జశుభాయ్ దొరలాగా కుర్చీలో కూర్చుని ప్రశ్నలు వేసేవాడు. అనురాధ బాగానే చెప్పేది. ఒకరోజు అతను గొంతు మార్చి, కుర్చీ ముందుకు లాక్కుని, "బేటీ, డర్ మత్. సచ్ బోల్. మై కిసీకో నహీ బోలూంగా. యే తేరీ దాదీ హై నా?" అని, భయపడకు, నిజం చెప్పు, ఈ ముసలమ్మ నీ బాపమ్మే కదా అని లాలనగా అడిగాడు. పిల్ల కరిగిపోయి అవునంది. అంతే, బల్ల మీద ధన్‌మని గుద్దాడు. "ఖతమ్! వీసా గయా!" తెల్లవాళ్ళు ఇలాగే తియ్యగా అడుగుతారట, నిజం చెప్పమని బతిమాలుతారట, అదే ఉచ్చు అట. పక్కన కూర్చున్న కొమురవ్వ మనుమరాలి వీపు మీద ఒక్కటి వేసింది. "తియ్యగ అడిగితె జారుతావే పోరీ? సార్ చెప్పింది సమజ్ గాలేదా?"

అప్పటి నుంచి ఇంట్లో తాలీము కొమురవ్వే పెట్టింది. దారాలు కత్తిరిస్తూ తనే దొరసాని అయ్యేది.

"ఫోటోల ముసల్ది నీకేమైతది?"

"మా ఆయన అమ్మమ్మ."

"మరి మీ బాపమ్మ ఏది?"

"సచ్చిపోయింది."

"నవ్వకుండ చెప్పు! ఎట్ల సచ్చింది?"

"జరమొచ్చి."

"ఏడ్సినవా?"

"ఏడ్సిన."

"ఆఁ, గట్లుండాలె."

వినలేక నేను గడప దగ్గరకు పోయి కేకలేశాను, బతికున్న మనిషిని అలా చంపుతారా, సిగ్గుందా మీకు అని. కొమురవ్వ కత్తెర ఆపనైనా ఆపలేదు. "నువ్వూకో టీచరమ్మా. నేను సస్తె పొల్ల విమానం ఎక్కుతదంటే రోజుకు పదిసార్లు సస్త" అంది.

తొంభై ఆరు చలికాలంలో పిలుపు వచ్చింది. నర్సింగానికి పల్సానా మిల్లులో సెలవు దొరకలేదు. ముసలిదాన్ని మాత్రం వెంట తీసుకుపోవద్దని జశుభాయ్ మరీ మరీ చెప్పాడు. పిల్లను ఒంటరిగా బొంబాయి పంపడానికి కొమురవ్వ ఒప్పుకుంటుందా? ఆఫీసు బయట కూర్చుంటానని బయలుదేరింది.

లోపల ఒక దొరసాని, పక్కన ఆమె మాటలు హిందీలో చెప్పే దుబాసీ. చాలాసేపు అనురాధ చక్కగానే చెప్పింది. చుట్టరికం ఉందా అంటే లేదంది. బాపమ్మ చచ్చిపోయిందంది. దొరసాని ఫోటో మీద వేలు పెట్టి, వరుడి అమ్మమ్మ ఇప్పుడెక్కడ ఉందని అడిగింది. ఈ ప్రశ్న జశుభాయ్ నేర్పలేదు. పిల్ల నోటికి నిజం వచ్చేసింది, బయట కూర్చుని ఉందని. అయితే పిలవండి అంది దొరసాని.

కొమురవ్వ లోపలికి వచ్చి నిలబడింది. ఈ అమ్మాయి మీకేమవుతుందని అడిగారు.

తర్వాత నాతో చెప్పుకుని ఏడ్చింది ముసలమ్మ. "ఇంట్ల ఎన్నిసార్లో సచ్చిన టీచరమ్మా, ఏమనిపియ్యలే. గని ఆ దొరసాని ముంగట అది నా మొకం సూడకుండ తల తిప్పుకున్నది. నా పానం గుంజింది. నా మనుమరాలు అన్న. మరి నేను ఒక్కదిక్కే ఉండాలె గదా? అందుకని, పిలగాడెవడో నాకు ఎర్కలేదన్న."

పిల్లేమో ఆమె వరుడి అమ్మమ్మ, నాకేమీ కాదంటుంది. ఆమేమో నేను వధువు బాపమ్మను, వరుడెవరో తెలియదంటుంది. దొరసాని ఫోటోలు పక్కకు నెట్టేసింది. మీరిద్దరూ మేనత్త మేనమామ పిల్లలా అని సూటిగా అడిగింది. అనురాధ ఒట్టేసి కాదంది. దొరసాని చెప్పిన మాట దుబాసీ హిందీలో అప్పజెప్పాడు: మా దేశంలో అది నేరమేమీ కాదు, ఉన్నది చెప్పి ఉంటే సరిపోయేది, ఇప్పుడు అసలు ఈ పెళ్ళే నిజమో కాదో నాకు తెలియడం లేదు. వీసా ఇవ్వలేదు.

తిరుగు బండిలో అనురాధ వేరే సీట్లో కూర్చుంది. ఉధనా స్టేషన్లో దిగి, గల్లీలోకి వచ్చి, అందరూ వింటుండగా నోరు విప్పింది.

"కావాలనే చేసింది! నేను పోతే మూటలెవరు మోస్తరు, దారాలెవరు కత్తిరిస్తరు? నా బాపమ్మ సచ్చిపోయిందని చెప్పిన గదా. సచ్చిపోయిందనే అనుకుంట!"

ట్రంకుపెట్టె తీసుకుని పల్సానాలో చిన్నాయన ఇంటికి పోయింది. ఎవరి ముందూ నోరు మూయని కొమురవ్వ ఆ రోజు మూట విప్పి కత్తెర పట్టుకుని కూర్చుంది. జశుభాయ్‌ని ఎవరూ ఏమీ అనలేదు. అతను మా పని మేం చేశాం అని ఇంకొకరికి తాలీము మొదలుపెట్టాడు. తప్పంతా ముసలిదాని నెత్తిన పడింది. గల్లీలో ఆడవాళ్ళు కుళాయి దగ్గర ఆమె వినేట్టే అనుకునేవారు, సొంత మనుమరాలి కాపురం కూల్చిందని. వాళ్ళ నోళ్ళు పడిపోను.

ఒంటరిగా దారాలు కత్తిరిస్తూ తనలో తను మాట్లాడుకోవడం అప్పుడే మొదలయింది. గోడ ఇవతల నాకు వినబడేది.

"ఈ పిల్ల నీకేమైతది?"

"నాకేం గాదు."

"నిజం చెప్పు."

"నాకేం గాదు. మా పరమేశు పెండ్లాం."

అలిగి పోయిన మనుమరాలి మీద కోపంతో అంటోందనే అనుకున్నాను. మనిషి చిక్కిపోయింది. పొయ్యి మీద ఏం పెట్టిందో మరిచిపోయేది. నన్ను ఒకసారి వెంకటవ్వా అని పిలిచింది.

అక్కడ పరమేశ్వర్ ఊరుకోలేదు. ఒక వకీలును పట్టుకుని, మేము బావామరదళ్ళం, ఏజెంటు మాట విని దాచాం, తప్పయిపోయింది, ఇంకొక్కసారి అడగండి అని రాయించాడు. తొంభై ఏడు వానాకాలంలో రెండో పిలుపు వచ్చింది. ఇదే ఆఖరి అవకాశం, ముసలమ్మను తప్పకుండా తీసుకురండి అన్నారు. సర్పంచ్ కాగితం ఎవడైనా తెస్తాడు, దాన్ని వాళ్ళు నమ్మరు. ఒకరు తన కూతురి బిడ్డ, ఒకరు కొడుకు బిడ్డ అని చెప్పవలసిన మనిషి ఆమె ఒక్కతే.

అనురాధ వచ్చింది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది.

"బొంబాయి రావాలె. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాలె. నేను నీ మనుమరాలిని, పరమేశు బావ నీ మనుమడు. ఇద్దరం నీవాళ్ళమే. సమజైందా?"

కొమురవ్వ బోసినోటితో నవ్వింది. "అయింది బిడ్డా. మంచిగ సమజైంది."

నేనూ కూర్చోబెట్టి చెప్పాను, అబద్ధం వద్దు కొమురవ్వా, నిజమే చెప్పు అని. "నువ్వు గూడ పరీక్ష పెడుతున్నవా టీచరమ్మా?" అని కన్ను గీటింది. పరీక్ష కాదే తల్లీ అన్నాను. "ఆఁ ఆఁ, కాదు కాదు" అని మళ్ళీ నవ్వింది. నేను టీచర్ని కాబట్టి నా ప్రతి మాటకూ ఆమె పరీక్ష అనేది, అది అలవాటే. బండిలో నర్సింగం దారిపొడుగునా చెప్పాడట. అన్నిటికీ తలూపిందట.

ఈసారి ఆఫీసులో కుర్రవాడైన ఒక దొర, మంచివాడు. అనురాధ అంతా ఉన్నదున్నట్టు చెప్పుకుంది. ఇక కొమురవ్వను పిలిచారు. భయపడుతోందనుకున్నాడేమో, ఆ దొర దుబాసీని ఆపి, తనే కుర్చీ ముందుకు లాక్కుని, వచ్చీరాని హిందీలో లాలనగా అన్నాడు.

"డరో మత్, మాజీ. సచ్ బోలో. యే ఆప్కీ పోతీ హై?"

కొమురవ్వ వెన్ను నిటారు చేసింది. ఈ పిల్ల నీ మనుమరాలేనా అని తియ్యగా అడుగుతున్నాడు. నిజం చెప్పమంటున్నాడు.

"నహీ సాబ్. కోయీ నహీ. మేరా పర్మేశ్ కా ఔరత్."

దొర మళ్ళీ అడిగాడు. అమ్మాయి మీరు తన బాపమ్మ అంటోంది కదా అన్నాడు.

"ఝూట్ బోల్తీ సాబ్. ఉస్కీ దాదీ మర్ గయీ. జరమొచ్చి."

అనురాధ ఆమె కాళ్ళ మీద పడింది. "బాపమ్మా! ఇది పరీక్ష గాదే! నీ కాళ్ళు మొక్కుత, నిజం చెప్పే!"

ముసలమ్మ కాళ్ళు వెనక్కు తీసుకుంది. "ఎవరమ్మా నువ్వు? లే. నీకేమన్న పిచ్చా?"

దొర తల అడ్డంగా ఊపి ఫైలు మూసేశాడు.

బయటికి వచ్చాక ఫుట్‌పాత్ మీద కూలబడిన మనుమరాలి గడ్డం పట్టుకుని కొమురవ్వ అడిగిందట, "ఈసారి మంచిగ చెప్పిన గదా బిడ్డా? నువ్వు ఎంత ఏడ్సినా జారలే. సూసినవా?"

"మంచిగ చెప్పినవ్" అంది అనురాధ. ఇంకేమంటుంది?

గల్లీకి వస్తూనే కొమురవ్వ ఇంటింటికీ చెప్పుకుంది, ఈసారి గెలిచానని. పిల్ల విమానం ఎప్పుడని నన్ను అడిగేది. నేను బడి పేరు చెప్పి తొందరగా పోయేదాన్ని. అనురాధ ఒకనాడు తట్టుకోలేక ఆమె భుజాలు పట్టి కుదిపి, నీ మాట వల్లే పోయింది, నిజం చెప్పమన్నాం కదే, ఎందుకిట్ల చేసినవే అని అరిచింది. ముసలమ్మ నవ్వింది. ఇదీ పరీక్షే అనుకుంది. ఇక ఆమెకు ఎవరూ ఏ నిజమూ చెప్పడానికి లేకుండా పోయింది.

పరమేశ్వర్ కొన్నాళ్ళు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేశాడు. తర్వాత ఆపేశాడు. తర్వాత వెంకటవ్వే కబురు పంపింది, వాడు అక్కడ ఇంకెవరినో చూసుకున్నాడు, పిల్లను తెగదెంపులు చేసుకొమ్మనండి అని. సొంత మేనకోడలికి పంపిన కబురు అది. కులపెద్దలు కూర్చుని అలాగే తేల్చారు. పల్సానాలో చిన్నమ్మ మొహం మాడ్చింది. అనురాధ ట్రంకుపెట్టెతో మళ్ళీ నవాగామ్ ఖోలీకే వచ్చింది. బాపమ్మ కత్తెర తను పట్టుకుంది. దారాలు కత్తిరించి ఆమెకు వండిపెట్టింది, మంచం పట్టాక ఎత్తి స్నానం చేయించింది. ప్రేమతోనా, పోయే చోటు లేకనా అని నేను అడగలేదు. ఆ రెంటికీ తేడా ఆ పిల్లకు కూడా తెలిసి ఉండదు.

కొమురవ్వ ఒక్కొక్కటే మరిచిపోయింది. మొండయ్యను మరిచింది, ఊరిని మరిచింది, తిట్లు కూడా మరిచింది. నీళ్ళు తాగించే ఈ పిల్ల ఎవరని చుట్టాలు అడిగితే మాత్రం తడుముకునేది కాదు. నాకేం గాదు, మా పరమేశు పెండ్లాం, విమానం ఎక్కుతది అనేది.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం శ్వాస మారిందని అనురాధ గోడ కొడితే పరుగెత్తాను. పిల్ల ఆమె తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో నీళ్ళు పోస్తోంది.

"బాపమ్మా, ఒక్కసారి చెప్పే. ఇక్కడ దొర లేడు, ఎవ్వరు లేరు. నేను నీకెవర్నే?"

కొమురవ్వ కళ్ళు తెరిచింది. ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. చెయ్యెత్తి, వంకర తిరిగిన బొటనవేలితో పిల్ల చెంప మీద కన్నీళ్ళు తుడిచింది. ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు చూస్తే నేను కనబడ్డాను.

"నువ్వు నాకేం గావు బిడ్డా" అంది. జారలేదు కదా అన్నట్టు నా వంక చూసి నవ్వింది. సాయంత్రానికి పోయింది.